శరీరాకృతి ఏ రకమో తెలుసుకోవడం అవసరమా?

పొట్ట దగ్గర గుండ్రంగా ఉంటే యాపిల్, తుంటి వెడల్పుగా ఉంటే పియర్, మధ్యలో నడుము సన్నగా ఉంటే అవర్‌గ్లాస్, పై నుంచి కిందిదాకా ఒకేలా ఉంటే రెక్టాంగిల్, పైభాగం వెడల్పుగా ఉంటే ఇన్వర్టెడ్ ట్రయాంగిల్. డిగ్రీ చదివే ఆడపిల్లలకు ఈ అయిదు పేర్లూ ఇప్పుడు కంఠతా వచ్చు. ఛాతీ, నడుము, తుంటి కొలతలు ఫోనులో నమోదు చేస్తే మీ శరీరం ఫలానా రకమని తేలుతుంది. వెంటనే ఎలాంటి మెడ కుట్టించుకోవాలో, ఏ కుర్తీ జోలికి పోకూడదో చెప్పే జాబితా కూడా వచ్చేస్తుంది. మా అక్క కూతురు విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. తనది రెక్టాంగిల్ అని తేలిన దగ్గర నుంచి, ఇష్టపడి కొనుక్కున్న అనార్కలీలను అలమరలో వెనక్కి నెట్టేసింది. "పిన్నీ, నాకు నడుమే లేదట" అని అన్నప్పుడు ఆ పిల్ల గొంతులో దిగులు స్పష్టంగా వినిపించింది. ఆమెకు సరైన సమాధానం చెప్పాలని చదివిన విషయాలను, మా టైలరు దగ్గర చూసి తెలుసుకున్నవాటిని, డాక్టరు వివరించినవాటిని ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆకృతికి పెట్టిన పేరు వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. అయితే ఆ పేరు తేల్చడానికి తీసుకునే మూడు కొలతల్లో ఒకటైన నడుము చుట్టుకొలతను మాత్రం ప్రతి ఇంట్లో పెద్దవాళ్లందరూ తెలుసుకుని తీరాలి, దానికీ అందానికీ సంబంధం లేకపోయినా సరే.

ముందుగా ఈ రకాలను ఎలా తేలుస్తారో చూద్దాం. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన ఒక పద్ధతి ఇలాంటి లెక్కల్లో బాగా వాడుకలోకి వచ్చింది. రెడీమేడ్ దుస్తుల పరిశ్రమ సైజులు సరిగ్గా నిర్ణయించుకోవడానికి దానిని రూపొందించారే తప్ప, ఏ స్త్రీకి ఏది నప్పుతుందో తీర్పు చెప్పడానికి కాదు. అందులో నియమం స్థూలంగా ఇలా ఉంటుంది: ఛాతీ, తుంటి కొలతలు దాదాపు సమానంగా ఉండి, నడుము ఛాతీ కంటే 9 అంగుళాలైనా లేదా తుంటి కంటే 10 అంగుళాలైనా తక్కువగా ఉంటే అవర్‌గ్లాస్; అంత తేడా లేకపోతే రెక్టాంగిల్. ఛాతీ 36, నడుము 27, తుంటి 36.5 అంగుళాలున్న అమ్మాయిని తీసుకోండి. ఆమె అవర్‌గ్లాస్. అదే అమ్మాయి నడుము 27.5 అంగుళాలు వచ్చిందనుకోండి, ఆమె రెక్టాంగిల్ అయిపోతుంది. మధ్యాహ్నం పప్పన్నం, పెరుగన్నం తిని లేచిన తర్వాత ఎవరి నడుమైనా అర అంగుళం పెరుగుతుంది. నెలసరి ముందు రోజుల్లో ఉబ్బరం వల్ల ఇంకా ఎక్కువే పెరగవచ్చు. పొద్దున్న ఒక రకంగా, సాయంత్రానికి మరో రకంగా తేలే పేరును పట్టుకుని ఒక ఆడపిల్ల ఏళ్ల తరబడి తన బట్టలు ఎంచుకోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఇదే పద్ధతితో అమెరికాలో 6,000 మందికి పైగా స్త్రీల శరీర కొలతలను స్కానర్లతో తీసి పరిశీలించినప్పుడు, 2005లో వెల్లడైన ఫలితాల ప్రకారం అవర్‌గ్లాస్ ఆకృతి ఉన్నవారు 8 శాతమే. దాదాపు సగం మంది, అంటే 46 శాతం, రెక్టాంగిల్. అవి అక్కడి స్త్రీల లెక్కలు, మనకు యథాతథంగా వర్తించవు. అయినా ఈ పేర్లు పుట్టినచోటనే నూటికి ఎనిమిది మందికి ఉన్న ఆకారాన్ని ఆదర్శంగా నిలబెట్టి, మిగిలిన తొంభై రెండు మందికీ "ఆ ఆకారం ఉన్నట్టు భ్రమ కలిగించే" బట్టలు సూచిస్తున్నారని దీనివల్ల తెలుస్తుంది. జాబితాలను జాగ్రత్తగా చదివితే ప్రతి రకానికీ ఇచ్చే సలహా చివరికి ఒకటే: పైభాగం పెద్దదిగా ఉంటే కిందికి చూపు మళ్లించండి, కిందిభాగం పెద్దదిగా ఉంటే పైకి మళ్లించండి, రెండూ సమానంగా ఉంటే నడుము సృష్టించుకోండి. అయిదు రకాలని చెప్పినా నిజానికి అక్కడ ఉన్నది ఒకే కొలబద్ద.

శరీరాన్ని రకాలుగా విడదీయడం మనకేమీ కొత్త కాదు. మన కామశాస్త్ర గ్రంథాలు స్త్రీలను పద్మిని, చిత్రిణి, శంఖిని, హస్తిని అని నాలుగు జాతులుగా విభజించాయి. శరీర వర్ణనతో ఆగకుండా, ఆ జాతి స్త్రీ ఎలా నడుస్తుంది, ఎంత తింటుంది, ఆమె స్వభావం ఎలాంటిది అనే దాకా వెళ్లాయి. ప్రబంధ కవులైతే నాయిక నడుమును ఆకాశంతో పోల్చి, అసలు ఉందో లేదో తెలియదని వర్ణించడం ఒక సంప్రదాయంగానే పాటించారు. అమెరికాలో విలియం షెల్డన్ అనే మనస్తత్వవేత్త 1940లలో చేసింది కూడా ఇలాంటి పనే. మనుషులను ఎక్టోమార్ఫ్ (సన్నని ఒళ్లు), మెసోమార్ఫ్ (కండగల ఒళ్లు), ఎండోమార్ఫ్ (గుండ్రని ఒళ్లు) అని మూడు మూసలుగా చూసి, సన్నగా ఉన్నవాడు అంతర్ముఖుడనీ, గుండ్రంగా ఉన్నవాడు సుఖప్రియుడనీ స్వభావాలను కూడా ముడిపెట్టాడు. ఆ ముడిని శాస్త్రలోకం తర్వాత తిరస్కరించింది. ఆ మూడు మాటలు మాత్రం మన జిమ్‌లలో ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. నా మట్టుకు నాకు ఈ వర్గీకరణలన్నింటిలో కనిపించే ప్రమాదం ఒక్కటే: కొలతతో మొదలై, మనిషి మీద తీర్పుతో ముగుస్తాయి.

ఇక బట్టల విషయానికి వద్దాం. శివాజీపాలెంలో మేము చాలా కాలంగా జాకెట్లు కుట్టించుకునే ఆవిడ దగ్గర రకాల పేర్లు ఎప్పుడూ వినలేదు. కొత్తగా వచ్చినవారి దగ్గర ఆది జాకెట్టు ఉన్నా, దాని మీద ఆధారపడకుండా టేపు తీస్తుంది. భుజం, పై ఛాతీ, ఛాతీ, ఛాతీ కింద చుట్టు, నడుము, మెడ దగ్గర నుంచి డాట్ పాయింటు దాకా దూరం, ముందు పొడవు, వెనుక పొడవు, చంక చుట్టు, చేయి పొడవు, చేయి చుట్టు, ముందు మెడ లోతు, వెనుక మెడ లోతు. ఇవన్నీ ఒక పొడవాటి నోటు పుస్తకంలో వరసగా అంకెలుగా పడతాయి. టేపు కింద రెండు వేళ్లు దూర్చి, ఊపిరి బిగబట్టవద్దని చెప్పి, మామూలుగా నిలబడితేనే అంకె రాసుకుంటుంది. ఒకసారి నాతో, "మీకు ఎడమ భుజం కొంచెం పల్లం అమ్మా, అందుకే జాకెట్టు ఆ పక్కకు జారిపోతోంది, వెనుక మెడ లోతు తగ్గిద్దాం" అని చెప్పింది. ఆ ఒక్క మార్పుతో అన్నేళ్ల ఇబ్బంది తీరిపోయింది. భుజం పల్లం సంగతి ఏ పండు పేరూ చెప్పదు. మూడు చుట్టుకొలతల మీద నిలిచిన ఆ లెక్కకు మనిషి ఎత్తు తెలియదు, భుజాల వాలు తెలియదు, నడుము పైభాగం పొట్టిదో పొడవైనదో తెలియదు. బట్ట ఒంటికి కుదరడం, కుదరకపోవడం ఎక్కువగా తేలేది మాత్రం అక్కడే.

మా అమ్మాయి అనార్కలీల సంగతే చూడండి. ఆ టైలరమ్మ వాటిలో ఒకదాన్ని తొడిగించి చూసి, సమస్య నడుము సన్నగా లేకపోవడం కాదని రెండు నిమిషాల్లో తేల్చింది. పిల్లకు భుజం నుంచి నడుము దాకా పొడవు తక్కువ. రెడీమేడ్ అనార్కలీలో నడుము కుట్టు అసలు నడుముకు కిందుగా, పొట్ట మీద పడుతోంది. కుట్టు విప్పి, ఒక అంగుళం పైకి ఎత్తి, పక్కల్లో మార్జిను చూసుకుని మళ్లీ కుట్టించింది. బట్ట ఒంటికి అతికినట్టు కూర్చుంది. పిల్ల కొలతల్లో ఏ మార్పూ రాలేదు, మారింది కుట్టు ఉన్న చోటు ఒక్కటే.

రెడీమేడ్ దుస్తులు కుదరకపోవడానికి మన శరీరాలను తప్పుపట్టుకోవడం అన్యాయం. అమెరికా ప్రభుత్వం 1939, 1940 సంవత్సరాల్లో దాదాపు 15,000 మంది స్త్రీల నుంచి ఒక్కొక్కరికి 59 కొలతలు తీయించి, అక్కడి సైజులకు మొదటి పునాది వేసింది. మన దేశంలో అలాంటి కొలతల పట్టిక లేకపోవడంతో, ఇక్కడి దుకాణాలలో దొరికే సైజులకు చాలాకాలం విదేశీ పట్టికలే ఆధారమయ్యాయి. కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ తోడ్పాటుతో ఫ్యాషన్ విద్య నేర్పే నిఫ్ట్ సంస్థ చేపట్టిన ఇండియాసైజ్ సర్వేలో ఆరు నగరాల్లో 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలని తలపెట్టడం ఈ లోటు తీర్చడానికే. ఆ ఆరింటిలో హైదరాబాద్ ఉంది. ద్వారకా నగర్‌లో ఒక దుకాణంలో ఎల్ సరిపోయి, జగదాంబ దగ్గర మరో దుకాణంలో డబుల్ ఎక్స్‌ఎల్ కూడా చంక దగ్గర పట్టేయడం చూసి మన ఆడపిల్లలు తామే లావయ్యామనుకుంటారు. ఆ అక్షరాల వెనుక అందరూ పాటించే కొలత ఏదీ లేదని వాళ్లకు చెప్పేవాళ్లు కావాలి.

జాబితాల్లో నియమాలుగా చలామణీ అయ్యే సలహాలకు ఆధారం ఎంతో కూడా చూడాలి. అడ్డచారలు లావుగా చూపిస్తాయన్నది అందరూ నమ్మే మాట. 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్, అడ్డగీతలతో నింపిన చతురస్రం నిలువుగీతల చతురస్రం కంటే పొడవుగా, సన్నగా కనిపిస్తుందని అప్పుడే గుర్తించాడు. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ థాంప్సన్, తన సహ పరిశోధకురాలితో కలిసి 2011లో ప్రచురించిన పరిశోధనలో, దుస్తుల మీద కూడా అడ్డచారలు మనిషిని లావుగా చూపించవని తేల్చాడు. రెక్టాంగిల్ ఆకృతి ఉన్నవారు కుర్తీ మీద మరో కోటు వేసుకోవాలని రాసినవారు మన విశాఖ ఉక్కపోతను ఎరిగినవారు కారు. ఏప్రిల్ వచ్చిందంటే ఇక్కడ పలచని నూలు బట్ట తప్ప మరేదీ ఒంటి మీద నిలవదు. బట్ట ఎంచుకునేటప్పుడు గాలి ఆడుతుందా, చెమట పీలుస్తుందా అన్నది మన ఊరిలో ఆకృతి కంటే ముందు ఆలోచించాల్సిన విషయం. చీర సంగతి వేరే చెప్పనక్కరలేదు. కుచ్చిళ్ల సంఖ్య, పైట పొడవు, కట్టే ఎత్తు మార్చుకుంటూ పోతే ఒకే చీర తల్లికీ కూతురికీ కుదురుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది పేర్ల గురించి. శరీరంలో కొవ్వు ఎక్కడ చేరుతుందన్నది మాత్రం నిజంగా పట్టించుకోవలసిన విషయం, అది వైద్యానికి సంబంధించినది. ఫ్రాన్సులోని మార్సెయ్ నగర వైద్యుడు ఝాన్ వాగ్ 1947లోనే ఈ తేడాను గమనించాడు. ఒంట్లో మొత్తం కొవ్వు ఎంత ఉందన్నదే కాక, అది పొట్ట చుట్టూ చేరిందా, తుంటి, తొడల దగ్గర చేరిందా అన్నదాన్ని బట్టి మధుమేహం, గుండెజబ్బుల ముప్పు మారుతుందని ఆయన రాశాడు. పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు నుంచి కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి తేలికగా విడుదలై, నేరుగా కాలేయానికి చేరతాయి. కాలేయంలో కొవ్వు చేరడం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం అక్కడ నుంచి మొదలవుతాయి. తొడల దగ్గర చర్మం కింద ఉండే కొవ్వు అలా కాదు. అది అక్కడే నిలవ ఉండి, ఒక మేరకు మేలే చేస్తుంది. అద్దం ముందు నిలబడి తొడలు లావుగా ఉన్నాయని కుమిలిపోయే అమ్మాయిలకు ఈ మాట ఎవరూ చెప్పరు. వాళ్లు ఏ భాగాన్ని చూసి సిగ్గుపడుతున్నారో అది వాళ్ల ఆరోగ్యానికి హాని చేసే భాగం కాదు.

భారతీయులకు ఇది మరీ ముఖ్యం. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫోటోతో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. ఇద్దరి బీఎమ్ఐ, అంటే ఎత్తును బట్టి బరువును చూసే లెక్క, సరిగ్గా ఒకటే, 22.3. శరీరంలో కొవ్వు మాత్రం లండన్ వైద్యుడికి 9.1 శాతం ఉంటే, పుణె వైద్యుడికి 21.2 శాతం ఉంది. బరువు, ఎత్తు చూసి "సన్నగానే ఉన్నాం" అనుకునే మనలో చాలామందికి లోపల కొవ్వు పేరుకుని ఉంటుందని ఆ ఒక్క పోలిక వల్ల నాకు బాగా అర్థమైంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో పెద్దవారిలో దాదాపు 40 శాతం మందికి పొట్ట దగ్గర స్థూలకాయం ఉంది, 11.4 శాతం మందికి మధుమేహం ఉంది. అందుకే మనవాళ్లకు హద్దులు కూడా తగ్గించి పెట్టారు: నడుము చుట్టుకొలత స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. అంగుళాల్లో చెబితే సుమారు 31.5, 35.5. ఇంకా తేలికైన కొండగుర్తు కావాలంటే, నడుము మన ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలి.

కొలవడంలో చాలామంది చోటు తప్పుతారు. లంగా బొందు కట్టుకునే చోటు, ప్యాంటు బెల్టు పెట్టుకునే చోటు సాధారణంగా ఈ కొలతకు పనికిరావు. పొట్ట ఉన్న మగవారికి బెల్టు పొట్ట కిందికి జారిపోతుంది కనుక అక్కడి అంకె తక్కువగా వస్తుంది. పక్కటెముకల్లో చివరిదాన్ని వేలితో తడిమి పట్టుకోవాలి, తుంటి ఎముక పై అంచును పట్టుకోవాలి, ఆ రెంటికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టాలి. టేపు వెనుకవైపు కిందికి దిగకుండా నేలకు సమాంతరంగా ఉండాలి. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా అంకె చూడాలి. పరగడుపున చూసుకుంటే మేలు. గర్భిణులకు ఈ హద్దులు వర్తించవు. పిల్లలకు వేరే పట్టికలు ఉంటాయి కనుక వాళ్లను టేపు పట్టుకుని వెంబడించవద్దు.

ఆకృతి జీవితాంతం ఒకేలా ఉండదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎముకల వెడల్పు, కొవ్వు చేరే తీరు చాలావరకు పుట్టుకతో వస్తాయి. నెలసరి ఆగిపోయే వయసులో ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గడంతో, అప్పటిదాకా తుంటి దగ్గర చేరిన కొవ్వు పొట్ట వైపు చేరడం మొదలవుతుంది. ఇరవై ఏళ్ల వయసులో పియర్ అనిపించుకున్న మనిషి యాభై దాటాక యాపిల్ కావచ్చు, బరువులో పెద్ద తేడా లేకుండానే. యవ్వనంలో తేలిన పేరును నమ్ముకుని, నాది ప్రమాదం లేని రకం అనుకోవడం అందుకే మంచిది కాదు. ఒక్క పొట్టనే ఎంచి కరిగించే వ్యాయామం అంటూ ఏదీ లేదు. వాహనాలు ఆపేసే తెల్లవారుజామున ఆర్.కె. బీచ్ రోడ్డులో రోజూ వేగంగా నడిచేవారికి ఒళ్లంతటితో పాటు పొట్ట కూడా తగ్గుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి ఉంది. ఆకృతి గురించిన మాటలన్నీ మన ఇళ్లలో ఆడపిల్లల చుట్టూనే తిరుగుతాయి. పెళ్లిళ్లలో, పేరంటాలలో "కాస్త ఒళ్లు చేసింది", "మరీ పుల్లలా ఉంది" అనే వ్యాఖ్యలు వాళ్ల మీదే పడతాయి. అదే ఇంట్లో నలభై దాటిన మగవారికి బొజ్జ వస్తే, ఉద్యోగంలో కుదురుకున్నాడని సంతోషిస్తారు. ముప్పు లెక్క చూస్తే, టేపుతో ముందుగా కొలవాల్సింది ఆ బొజ్జనే. నడుము హద్దు దాటినవారు బీపీ, పరగడుపు చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోవాలి. 30 ఏళ్లు దాటినవారికి బీపీ, చక్కెర పరీక్షలు ప్రభుత్వ పట్టణ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగానే చేస్తారు.

మొన్న సంక్రాంతికి మా అక్క, బావగారు విజయనగరం నుంచి వచ్చినప్పుడు మా అమ్మాయే టేపు తీసుకుని తండ్రి దగ్గర కూర్చుంది. పక్కటెముక ఎక్కడో, తుంటి ఎముక ఎక్కడో తడిమి చూసుకుని, "నాన్నా, పొట్ట లోపలికి లాగకండి" అని రెండు సార్లు చెప్పి కొలిచింది. 98 సెంటీమీటర్లు వచ్చింది. బావగారు చూడటానికి లావుగా ఉండరు, చొక్కా టక్ చేస్తే పొట్ట ఉన్నట్టు కూడా తెలియదు. పండగ వెళ్లాక పరీక్ష చేయిస్తే పరగడుపు చక్కెర 112 ఉంది. మధుమేహం ఇంకా రాలేదని, ఇలాగే వదిలేస్తే వస్తుందని డాక్టరు చెప్పారు. రాత్రి పూట అన్నం తగ్గించి, రోజూ నడిచి, మూడు నెలలయ్యాక మళ్లీ రక్తపరీక్ష చేయించుకుని రమ్మన్నారు.